ఇరుకు గుమ్మం: అమెరికా కాంగ్రెస్ చేజార్చుకున్న అధికారాలు తిరిగి ఎందుకు రావడం లేదు?

1975 డిసెంబరు 16న వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ దిగువ సభ, అంటే ప్రతినిధుల సభ ముందుకు ఒక చిన్న తీర్మానం వచ్చింది. దేశంలో ఉండనివ్వవచ్చని ఇమ్మిగ్రేషన్ శాఖ నిర్ణయించిన కేసులను సుమారు 340 దాకా పరిశీలించిన సబ్‌కమిటీ, వాటిలో ఆరుగురిని మాత్రం ఉండనివ్వరాదని ప్రతిపాదించింది. తీర్మానం ప్రతులు అచ్చు కాలేదు, ఓటు వేయవలసిన సభ్యులకు అందనూ లేదు. చర్చ జరగలేదు, ఎవరు ఎటు ఓటేశారన్నది నమోదు కాలేదు. చట్టం కోరిన స్థాయిలో ఈ ఆరుగురికి కష్టం కలుగుతుందని కమిటీకి తోచలేదని సబ్‌కమిటీ అధ్యక్షుడు చెప్పిన రెండు ముక్కలతోనే పని పూర్తయింది. ఆ ఆరుగురు ఎవరో, వాళ్ళ దస్త్రాల్లో ఏముందో సభలో అత్యధికులకు తెలిసే అవకాశమే లేదు.

ఆ ఆరుగురిలో ఒకరు జగదీశ్ రాయ్ చడ్ఢా. కెన్యాలో పుట్టిన భారతీయ సంతతి వ్యక్తి, బ్రిటిష్ పాస్‌పోర్టు మీద 1966లో విద్యార్థి వీసాతో అమెరికా వచ్చి ఒహాయోలో చదువుకున్నారు. 1972లో వీసా గడువు తీరిపోయింది. ఏడేళ్ళకు పైగా దేశంలో ఉండటం, నడవడి బాగుండటం, వెళ్ళగొడితే తీవ్రమైన కష్టం కలగడం అన్న మూడు షరతులూ ఆయన విషయంలో నెరవేరాయని 1974లో ఇమ్మిగ్రేషన్ న్యాయాధికారి తేల్చి, బహిష్కరణను నిలిపివేశారు. అయితే అలాంటి నిర్ణయాన్ని కాంగ్రెస్‌లోని రెండు సభల్లో ఏ ఒక్కటి తోసిపుచ్చినా అది చెల్లకుండా పోతుందని 1952 నాటి చట్టంలో ఒక నిబంధన ఉంది. సభ వాడుకున్నది ఆ నిబంధననే. చడ్ఢా కోర్టుకెక్కారు. విచిత్రమేమిటంటే, ఆయన్ని పంపించివేయవలసిన ఇమ్మిగ్రేషన్ శాఖ కూడా కోర్టులో ఆయన వాదనతోనే ఏకీభవించింది. నిబంధనను సమర్థించడానికి కాంగ్రెస్ తన సొంత న్యాయవాదులను పెట్టుకోవలసి వచ్చింది.

1983 జూన్ 23న సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో ఆ నిబంధనను కొట్టివేసింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాసిన తీర్పు రాజ్యాంగం మొదటి అధికరణంలోని ఏడో సెక్షన్ చుట్టూ తిరుగుతుంది. ఒక మనిషి హక్కులను, బాధ్యతలను మార్చే నిర్ణయం ఏదైనా సరే, కాంగ్రెస్ చేస్తే దానికి ఒక్కటే దారి: రెండు సభలూ అక్షరం తేడా లేని ఒకే పాఠాన్ని ఆమోదించాలి, ఆపైన దానిని అధ్యక్షుడి ముందు పెట్టాలి. ఆయన సంతకం చేస్తే చట్టమవుతుంది. వీటో చేస్తే రెండు సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో మళ్ళీ ఆమోదించాలి. ఒక సభ తీర్మానం ఈ గుమ్మం గుండా రాలేదు కాబట్టి దానికి చట్టబలం లేదు. తీర్పు తర్కం శుభ్రంగా ఉంది. చడ్ఢా పట్ల న్యాయమే జరిగింది. ముద్రిత ప్రతి కూడా చూడకుండా ఒక మనిషి బతుకును మలుపు తిప్పే అధికారం ఏ సభకూ ఉండకూడదు.

ఆ రోజు విభేదించిన న్యాయమూర్తి బైరన్ వైట్ మాత్రం వేరే సంగతి చూశారు. ఇలాంటి నిబంధనలు దాదాపు 200 చట్టాల్లో ఉన్నాయని, అవన్నీ ఒక్క దెబ్బతో కూలిపోతాయని ఆయన హెచ్చరించారు. ఈ 200 చట్టాల వెనుక ఒక ఒప్పందం ఉంది. మొదట్లో ఒక్కొక్క విదేశీయుడికి ఉపశమనం ఇవ్వాలంటే కాంగ్రెస్ ఒక్కొక్క ప్రైవేటు బిల్లు ఆమోదించేది. ఆ పని మోయలేనంత పెరగడంతో 1940లో నిర్ణయాన్ని కార్యనిర్వాహక శాఖకు అప్పగించి, కాదనే హక్కును మాత్రం తన దగ్గర ఉంచుకుంది. శాఖల పునర్వ్యవస్థీకరణ కోసం అధ్యక్షుడు హూవర్ కాలంలో, 1932లోనే ఈ పద్ధతి మొదలైంది. యుద్ధం, అత్యవసర పరిస్థితి, విదేశీ వాణిజ్యం, ఆయుధాల అమ్మకం వంటి రంగాలన్నిటికీ తర్వాత అదే పాకింది. మన వాడుకలో చెప్పాలంటే కాంగ్రెస్ ఎద్దును ఎరువిచ్చి, పగ్గం కొస తన చేతిలో ఉంచుకుంది. 1983 తీర్పు ఆ పగ్గాన్ని తెంపింది. ఎద్దు మాత్రం ఎరువు తీసుకున్నవాడి కొట్టంలోనే ఉండిపోయింది. అమెరికాలో శాసనసభకూ అధ్యక్షుడికీ మధ్య ఇవాళ కనిపిస్తున్న తూకం లోపానికి వ్యక్తుల స్వభావాలు ఎంత కారణమో, ఈ చిన్న న్యాయసూత్రం కూడా అంతే కారణం. అయినా బహిరంగ చర్చల్లో దాని పేరు వినిపించడం అరుదు.

ఏడో సెక్షన్‌ను ఇరుకుగా కట్టినవారు తెలిసే కట్టారు. 1787 వేసవిలో రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో కూర్చున్నవారు అప్పటికే పదేళ్ళుగా రాష్ట్రాల శాసనసభల తీరు చూసి ఉన్నారు. అప్పులు ఎగవేయడానికి వీలు కల్పించే చట్టాలు, విచ్చలవిడిగా కాగితపు డబ్బు అచ్చొత్తే చట్టాలు వారికి దడ పుట్టించాయి. శాసనశాఖ తన పరిధిని అన్ని వైపులా పెంచుకుంటూ సకల అధికారాలనూ తన సుడిగుండంలోకి లాక్కుంటుందని వారిలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్ రాశాడు. అందుకే రాజ్యాంగ మూలపాఠంలో సగానికి పైగా మొదటి అధికరణమే ఆక్రమించింది. పన్నులు, అప్పులు, విదేశీ వాణిజ్యం, పౌరసత్వ నియమాలు, నాణేలు, తపాలా, యుద్ధ ప్రకటన, సైన్యం అన్నీ ఎనిమిదో సెక్షన్‌లో కాంగ్రెస్‌కు దఖలుపడ్డాయి. ఇంత పెద్ద అధికారం ఉన్న సంస్థ తొందరపడకుండా ఏడో సెక్షన్ గుమ్మాన్ని ఇరుకు చేశారు. లోపల ఉన్నవాడు బయటికి దూకుతాడేమోనన్నది వారి భయం. లోపలివాడే తన సామాను ఒక్కొక్కటిగా బయటివాడికి అందించి, తర్వాత అదే ఇరుకు గుమ్మం గుండా వెనక్కి తెచ్చుకోలేక నిలబడిపోతాడని వారు ఊహించలేదు.

లెక్క వేసి చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. ఒక అధికారాన్ని అధ్యక్షుడికి ఇవ్వడానికి రెండు సభల్లో మామూలు మెజారిటీ చాలు, తనకు లాభించే బిల్లు మీద ఆయన సంతకానికి వెనకాడడు. అదే అధికారాన్ని వెనక్కి తీసుకోవాలంటే కొత్త చట్టం కావాలి, దానిని ఆయన వీటో చేస్తాడు. అప్పుడు 435 మంది ప్రతినిధుల సభలో 290, వంద మంది ఉండే ఎగువ సభ సెనేట్‌లో 67 ఓట్లు కావాలి, అందరూ హాజరైతే. అంటే సెనేట్‌లో 34 మంది అధ్యక్షుడి వెంట ఉంటే చాలు, మిగతా 66 మందీ, అవతలి సభ మొత్తం ఏకమైనా ప్రయోజనం లేదు. దేశ చరిత్ర మొత్తంలో అధ్యక్షులు తిప్పిపంపిన బిల్లుల్లో పదింట ఒకటైనా ఈ గండం గట్టెక్కలేదు.

జాతీయ అత్యవసర పరిస్థితుల చట్టం దీనికి మంచి ఉదాహరణ. 1976లో వియత్నాం, వాటర్‌గేట్ అనుభవాల తర్వాత అధ్యక్షుడికి కళ్ళెం వేయడానికే దానిని చేశారు. అత్యవసర పరిస్థితిని అధ్యక్షుడు ప్రకటించవచ్చు, ఆయన సంతకంతో పనిలేకుండా రెండు సభల ఉమ్మడి తీర్మానంతో కాంగ్రెస్ దానిని ముగించవచ్చు అన్నది అసలు ఏర్పాటు. 1983 తీర్పు తర్వాత ఆ రెండో సగం చెల్లదని తేలడంతో, 1985లో చట్టాన్ని సవరించి అధ్యక్షుడి ముందుకు వెళ్ళే తీర్మానంగా మార్చారు. ముగించమని చెప్పే తీర్మానం, ప్రకటించినవాడి సంతకం కోసమే వెళుతుందన్నమాట.

2019లో ఈ మార్పు ఫలితం అందరికీ కనిపించింది. మెక్సికో సరిహద్దు గోడకు అధ్యక్షుడు ట్రంప్ 570 కోట్ల డాలర్లు అడిగారు. కేటాయింపులు లేక ప్రభుత్వ ఆఫీసులు మూతపడిన 35 రోజుల షట్‌డౌన్ తర్వాత కాంగ్రెస్ ఇచ్చింది 137.5 కోట్లు. ఫిబ్రవరి 15న ఆయన అత్యవసర పరిస్థితి ప్రకటించి ఇతర పద్దుల నుంచి డబ్బు మళ్ళించడానికి పూనుకున్నారు. దానిని రద్దు చేస్తూ ప్రతినిధుల సభ 245–182, సెనేట్ 59–41 ఓట్లతో తీర్మానం చేశాయి. సెనేట్‌లో అధ్యక్షుడి సొంత పార్టీవారు 12 మంది కూడా ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. మార్చి 15న వీటో పడింది. మార్చి 26న ప్రతినిధుల సభలో మళ్ళీ ఓటింగ్ జరిగితే 248–181 వచ్చింది, మూడింట రెండు వంతులకు అందలేదు. డబ్బు ఇవ్వబోమని రెండు సభలూ మెజారిటీతో చెప్పాక కూడా అత్యవసర పరిస్థితి కొనసాగింది. ఈ వీటో ప్రక్రియ అంతా చట్టబద్ధంగానే జరిగింది.

భారత రాజ్యాంగం 352వ అధికరణం ఇదే సమస్యను తలకిందులుగా పరిష్కరించింది. 1978 నాటి 44వ సవరణ తర్వాత, అత్యవసర పరిస్థితి ప్రకటనకు నెల రోజుల్లోగా ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదం తెలపకపోతే అది దానంతటదే రద్దయిపోతుంది. ఆమోదించినా ఆరు నెలలకోసారి మళ్ళీ ఆమోదం కావాలి. ఇక్కడ పార్లమెంటు మౌనంగా ఉంటే ప్రకటన చచ్చిపోతుంది, అక్కడ కాంగ్రెస్ మౌనంగా ఉంటే ప్రకటన బతికిపోతుంది. ఇరాన్‌లో అమెరికన్ దౌత్య సిబ్బందిని బందీలుగా పట్టుకున్నప్పుడు 1979 నవంబరులో జిమ్మీ కార్టర్ ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఒకరి తర్వాత ఒకరుగా అధ్యక్షులందరూ ఏటేటా పొడిగిస్తూనే వచ్చారు. ఆరు నెలలకోసారి సభలు సమావేశమై పరిశీలించాలని అమెరికా చట్టమూ చెబుతుంది, కానీ దశాబ్దాల పాటు ఆ మాటను కాంగ్రెస్ పట్టించుకోలేదు. ఎమర్జెన్సీని అనుభవించిన దేశానికీ, దాని గురించి విన్న దేశానికీ మధ్య తేడా ఈ రెండు నిబంధనల్లోనే ఉందనుకోవాలి.

సుంకాల సంగతి తెలుగువారికి మరీ దగ్గరిది. దిగుమతి సుంకం వేసే అధికారం ఎనిమిదో సెక్షన్ మొట్టమొదటి వాక్యంలోనే కాంగ్రెస్‌కు దక్కింది. 1930 దాకా ఏ వస్తువు మీద ఎంతన్నది కాంగ్రెసే నిర్ణయించేది. ఆ ఏడాది స్మూట్–హాలీ చట్టంతో వేలాది వస్తువుల మీద సుంకాలు పెంచి, ప్రపంచ దేశాల ఎదురుదాడితో చేతులు కాల్చుకున్నాక, 1934లో ఇతర దేశాలతో బేరమాడి సుంకాలు తగ్గించే అధికారాన్ని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అప్పగించింది. తగ్గించడానికి ఇచ్చిన మినహాయింపు క్రమంగా పెంచడానికి కూడా పనికొచ్చే చట్టాలుగా మారింది. 1977లో అంతర్జాతీయ ఆర్థిక అత్యవసర అధికారాల చట్టం వచ్చింది. దిగుమతులను నియంత్రించవచ్చని అందులో ఉంది, సుంకం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. 2025లో ట్రంప్ ప్రభుత్వం ఆ చట్టాన్నే ఆసరా చేసుకుని దాదాపు ప్రపంచం మొత్తం మీద సుంకాలు వేసింది, ఆగస్టు 27 నుంచి అనేక భారతీయ సరుకుల మీద అది 50 శాతానికి చేరింది.

భారత్ నుంచి అమెరికా వెళ్ళే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్ర తీరానిది. భీమవరం చుట్టుపక్కల చెరువు గట్టు మీద రైతు రొయ్య ధరను కౌంటులో, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కలో అడుగుతాడు. 100 కౌంటుకు ఒక ధర, 30 కౌంటుకు మరో ధర. ఆ ధరను తాకిన వాషింగ్టన్ సుంకం నిర్ణయం ఏ సభా ఓటు వేసి తీసుకున్నది కాదు. 1977 చట్టం అసలు సుంకాలకు వర్తిస్తుందా అన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరి 2025 నవంబరు 5న వాదనలు జరిగాయి. తీర్పు సంగతి అటుంచితే, 48 ఏళ్ళ కిందటి చట్టంలోని ఒక క్రియాపదానికి అర్థం చెప్పమని కోర్టును అడగవలసి రావడమే గమనించదగ్గది. కాంగ్రెస్ ఆ అర్థాన్ని ఒక్క వాక్యంతో స్వయంగా చెప్పగలదు, ఆ వాక్యం ఏడో సెక్షన్ దాటి రాగలిగితే.

యుద్ధం విషయం పాఠకులకు ఇంతకంటే తెలిసిందే. కాంగ్రెస్ చివరిసారిగా లాంఛనంగా యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాలేవీ ఆ పద్ధతిలో జరగలేదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఆమోదించిన సైనికచర్య అనుమతిలో కీలక వాక్యం అరవై పదాలు. ప్రతినిధుల సభలో దానికి ఎదురు ఓటు ఒక్క బార్బరా లీది. ఆ వాక్యం అప్పటికి పుట్టని సంస్థల మీద, అందులో పేరు కూడా లేని దేశాల్లో దాడులకు దశాబ్దాల పాటు ఆధారమైంది.

ఖజానా ఒక్కటి వేరుగా నిలిచింది, కారణం కూడా ఏడో సెక్షన్‌లోనే ఉంది. చట్టం ద్వారా కేటాయిస్తే తప్ప ఖజానా నుంచి ఒక్క డాలరు తీయకూడదని తొమ్మిదో సెక్షన్ అంటుంది. ఈ కేటాయింపుల్లో పెద్ద భాగం ఏటా సెప్టెంబరు 30తో ముగిసిపోతుంది. ఇక్కడ మౌనం అధ్యక్షుడికి కలిసిరాదు, కొత్త చట్టం కోసం కాంగ్రెస్ గుమ్మం దగ్గరికి ఆయనే రావాలి. అందుకే మిగతా అధికారాలన్నీ జారిపోయినా కాంగ్రెస్ బలం ఇంకా తెలిసేది బడ్జెట్ వేళలోనే. అయితే ఈ ఆయుధాన్ని వాడే నేర్పు మొద్దుబారింది. ఏటా ఆమోదించవలసిన కేటాయింపు బిల్లులు పన్నెండు. 1970ల్లో ప్రస్తుత బడ్జెట్ పద్ధతి వచ్చిన తర్వాత అవన్నీ గడువులోగా పూర్తయినవి నాలుగే నాలుగుసార్లు. మిగిలిన ఏళ్ళన్నీ పాత పద్దుల ప్రకారమే కొంతకాలం ఖర్చుకు వీలిచ్చే తాత్కాలిక కొనసాగింపు తీర్మానాలతో గడిచాయి, లేదా షట్‌డౌన్‌కు దారితీశాయి. 1980 దాకా కేటాయింపులు ఆలస్యమైనా ఆఫీసులు నడిచేవి. డబ్బు లేకుండా పని చేయించడం 1884 నాటి చట్టానికి విరుద్ధమని అటార్నీ జనరల్ సివిలెటీ అభిప్రాయం రాశాకే తలుపులు మూసే ఆచారం వచ్చింది. 2025 అక్టోబరు 1న మొదలైన మూసివేత 43 రోజులు సాగి పాత రికార్డును దాటింది.

ఇరుకు గుమ్మానికి సెనేట్ తనంతట తాను ఇంకో గొళ్ళెం పెట్టుకుంది. చర్చను ముగించి ఓటింగ్‌కు వెళ్ళాలంటే 60 మంది ఒప్పుకోవాలన్న నియమం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1917లో తొలిసారి చర్చ ముగింపు నియమం చేసుకున్నారు, 1975లో అది 60కి కుదిరింది. నియామకాల విషయంలో 2013లోనూ, 2017లోనూ రెండు పార్టీలూ వంతులవారీగా దానిని తీసివేశాయి. మామూలు బిల్లులకు మాత్రం అలాగే ఉంది. రాజ్యాంగ నిర్మాతల పేరు చెప్పి ఈ నియమాన్ని సమర్థించేవారు సభలో తరచు కనిపిస్తారు. నిర్మాతలు ప్రత్యేక మెజారిటీ కావలసిన చోట్లన్నీ పేరుపేరునా రాశారు, ఆ జాబితాలో మామూలు చట్టం లేదు.

ఇంత పోగొట్టుకుంటున్నా సభ్యులు ఎందుకు ఊరుకుంటున్నారన్నది న్యాయశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పగల ప్రశ్న కాదు. ఒక శాఖవాడి ఆశకు ఇంకో శాఖవాడి ఆశే అడ్డుకట్ట అవుతుందని మాడిసన్ లెక్క వేశాడు. ఆ లెక్కలో పార్టీలు లేవు. ఇప్పటి సభ్యుడికి తన సభ కంటే తన పార్టీ దగ్గరిది, పార్టీకి అధ్యక్షుడే ముఖం. పైగా రెండేళ్ళకోసారి ఎన్నికలకు వెళ్ళే ప్రతినిధికి సుంకం మీదో, యుద్ధం మీదో ఓటు వేయడం గండమే. నిర్ణయం అధ్యక్షుడి ఖాతాలో ఉంటే, మంచి జరిగినప్పుడు చప్పట్లు కొట్టవచ్చు, చెడు జరిగినప్పుడు లేఖ రాయవచ్చు.

లేఖల సంగతి డాలస్, న్యూజెర్సీ తెలుగు కుటుంబాలకు బాగా తెలుసు. గ్రీన్ కార్డు దరఖాస్తో, వర్క్ పర్మిటో నెలల తరబడి కదలకపోతే, ముందే ఆ దారి తొక్కినవారు ఇచ్చే సలహా ఒకటుంది: స్థానిక ప్రతినిధి ఆఫీసుకు రాయండి. అక్కడి సిబ్బంది ప్రైవసీ రిలీజ్ ఫారం, అంటే మన కేసు వివరాలు వారికి చెప్పడానికి అనుమతినిచ్చే పత్రం పంపుతారు. దాని మీద సంతకం చేసి కేసు నంబరు వేస్తే, ఇమ్మిగ్రేషన్ సంస్థకు సభ్యుడి తరఫున విచారణ లేఖ వెళుతుంది. చాలాసార్లు దాంతో కేసు ఎక్కడుందో తెలుస్తుంది, కొన్నిసార్లు కదులుతుంది కూడా. సేవ మంచిదే, సిబ్బంది ఓపికను తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ సంస్థను పుట్టించి, దాని నియమాలు రాసి, దానికి హద్దులు గీయగల సభలోని సభ్యుడు, దాని గుమాస్తాకు అర్జీ పెట్టుకునేవాడిగా మారిన తీరు ఆ ఒక్క ఫారంలో కనిపిస్తుంది.

ఆ కుటుంబాల అసలు సమస్యకు మూలం కూడా చట్టమే. ఉద్యోగం ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా 7 శాతానికి మించి దక్కకూడదన్నది 1990 నాటి చట్టం, మిగిలిపోయినవి ఉంటే తప్ప. ఐస్‌లాండ్‌కూ భారత్‌కూ ఒకటే పరిమితి. ప్రయారిటీ డేట్, అంటే వరుసలో తమ స్థానాన్ని తెలిపే తేదీ, ఎప్పుడొస్తుందా అని ప్రభుత్వం నెలనెలా వెలువరించే వీసా బులెటిన్ చూస్తూ పదేళ్ళకు పైగా గడిపినవారు, ఈలోపు పిల్లలకు 21 ఏళ్ళు నిండి తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోవడం చూసినవారు వేలల్లో ఉన్నారు. దీనిని ఏ అధ్యక్షుడూ ఆదేశంతో మార్చలేడు. 2019 జూలై 10న ఉద్యోగ వీసాలపై ఆ పరిమితిని తొలగించే బిల్లును ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా అదే లక్ష్యంతో, తన మార్పులు చేర్చి, ఒక్క అభ్యంతరం లేకుండా ఆమోదించింది. ఆ సాయంత్రం చాలామంది తెలుగు ఇళ్ళలో పని అయిపోయిందనే అనుకున్నారు. అయితే రెండు సభలూ ఆమోదించినవి రెండు వేర్వేరు పాఠాలు. చడ్ఢాను కాపాడిన ఏడో సెక్షనే ఇక్కడ అడ్డుపడింది. రెండింటినీ ఒకే పాఠంగా కుదర్చడానికి నెల రోజుల వ్యవధి ఉండింది, ఎవరూ కుదర్చలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగియడంతో రెండు పాఠాలూ చెల్లకుండా పోయాయి. తర్వాత ప్రయత్నించదలచినవారు కొత్త నంబరుతో, మొదటి కమిటీ నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.